నీళ్ల నొప్పి

ఇటు రా బిడ్డా. గోడకు ఒరగకు, నా మోకాలి దగ్గరికి జరిగి కూర్చో. గొంతు పెంచి చెబితే చెడిపోయే కథ ఇది.

శ్యామలమ్మ అని ఒక మనిషి ఉండేది. మర్రిగూడ పక్కన సాలెవాళ్ల ఊరు. గొప్పదీ కాదు, చెడ్డదీ కాదు. బావి కాడ నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే ఐదో మనిషిగా ఆమె ఉన్నట్టు కూడా తెలిసేది కాదు. దశరథం పెండ్లాం అంటే కొందరికి గుర్తొచ్చేది. ఆసు పోసే శ్యామల అంటే అందరికీ గుర్తొచ్చేది. రెండు రాష్ట్రాలు కలిసి ఒకటైన నాలుగైదేళ్లకు, జొన్నచేలు పొట్టకొచ్చిన దినాల్లో, ఆమె ఒక రోజు ఎట్లా గడిపిందో చెబుతాను. ఆ రోజు వింటే మిగతా బతుకు నేను చెప్పనక్కరలేదు.

ఎండ ఇంకా పెంకుల మీద నుంచి వాకిట్లోకి దిగలేదు. శ్యామలమ్మ చెయ్యి పోయి వస్తూనే ఉంది.

ఆసు నువ్వు చూసి ఉండవు. ఒక చెక్క బల్ల. ఒక కొసన ఒంటి మేకు, దాని ఎదురుగా నెలవంకలాగా మేకుల వరుస. నూలు పట్టుకుని ఒంటి మేకుకు తిప్పి, ఎదురు వరుసలో మొదటి మేకుకు వేసి, మళ్లీ ఒంటి మేకుకు రావాలి. తర్వాత రెండో మేకు, తర్వాత మూడోది, అట్లా వరుస చివరిదాకా పోయి మళ్లీ మొదటికి. ఒక చీరకు చెయ్యి ఎన్ని వేల మార్లు పోయి వస్తుందో ఆ వాడలో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టుకుంటే ఆ పని ఎవరూ చేయలేరు. ఆ నూలు మీదనే దశరథం గుర్తులు పెట్టి, ముడులు కట్టి, రంగులో ముంచి మగ్గం ఎక్కిస్తాడు. ఆసు మీద ఒక్క మేకు తప్పితే చీరలో పువ్వు పక్కకు జరుగుతుంది.

శ్యామలమ్మ కుడిచేతికి గాజులు నిండా ఉండేవి. ఎడమచేతికి ఒక్కటీ లేదు. మూడేళ్ల కింద పట్నం దవాఖానలో ఎడమ రొమ్ము కోసేశారు. రొమ్ముతో పాటు దాని కింది కండ, చంకలోని గడ్డలు, అన్నీ తీసేశారు. అప్పటి నుంచి ఆ చెయ్యి గంజిలో నానిన నూలుకట్టలా ఉబ్బి, భుజం కంటే పైకి లేవక, ఒడిలో పడి ఉండేది. గాజులు ఎక్కలేదు. ముత్తైదువ ఉత్తచేత్తో ఎట్లా ఉంటుందని ఎడమచేతి గాజులు కూడా కుడిచేతికే వేసుకుంది. ఆమె ఆసు పోస్తుంటే అవి గలగలమంటూ వాడంతా వినబడేవి.

ఆ ఇంట్లో ఆడబిడ్డ భద్రమ్మ ఉండేది. దశరథానికి అక్క. చిన్నప్పుడే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. పదకొండేళ్ల పిల్లగా కాపురానికి వచ్చిన శ్యామలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆసు నేర్పింది ఆమెనే. ఇప్పుడు భద్రమ్మకు నడుము వంగిపోయింది, చేతులు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు.

“ఎడమ చెయ్యి ముండది, కుడి చెయ్యి ముత్తైదుది. ఒక్క పెయిల రెండు సంసారాలు జేస్తానవే పిల్లా” అనేది.

“ముండ దిక్కు నువ్వున్నవు గద వదినె, తోడుకు” అనేది శ్యామలమ్మ.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. కొత్తవాళ్లు వింటే కొట్లాట అనుకునేవాళ్లు.

ఆ రోజు మాత్రం భద్రమ్మ ఆ మాట అనలేదు. గడప మీద కూర్చుని నూలు చిక్కు తీస్తూ, మరదలి కుడిచెయ్యి పోయి రావడం చూస్తూ ఉంది. ఎందుకంటే రేపు పొద్దున పట్నం బస్సు ఉంది. ఆ బస్సు ఎక్కడమా, ఎక్కకపోవడమా అన్నది ఈ పొద్దు గూకేలోగా తేలాలి.

రోగం మళ్లీ వచ్చింది. ఈసారి కుడి దిక్కు, చంకకు దగ్గరగా. ఎండాకాలంలో నానిన శనగగింజంత తగిలింది. దసరాకు రేగుపండంత అయింది. పట్నం తీసుకుపోతే డాక్టరు సారు చెప్పిన మాటలు దశరథం వాకిట్లో నిలబడి అందరికీ అప్పజెప్పాడు. కోసి, మిగిలిన రోగం మాడేలా మీద కరెంటు పెడితే కొన్నేళ్లు బతుకుతుంది, కానీ కుడిచెయ్యి కూడా ఎడమచెయ్యి లాగానే అవుతుంది. కోత వద్దంటే ఉత్త కరెంటు పెడతారు. చెయ్యి మిగులుతుంది, రోగం ఎంతకాలం ఆగుతుందో చెప్పలేరు. ఆకులూ పసర్లూ పెడితే మాత్రం మళ్లీ తన దగ్గరికి రావద్దన్నాడు.

ఇంకో మాట కూడా అడిగాడు సారు. దశరథం దాన్ని వాకిట్లో చెప్పలేదు, చెప్పేంత మాట అనిపించలేదు. నడుము నొప్పి ఉందా అని అడిగాడు. మొగుడూ పెండ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. “మా దిక్కు నడుము నొయ్యనోళ్లు ఎవ్వలున్నరు సారూ, నీళ్లే గసొంటియి” అన్నది శ్యామలమ్మ. ఏ ఊరని అడిగాడు. మర్రిగూడ అంటే సారుకు కూడా తెలుసు. ఆ నీళ్లు తాగి పండ్లు గారపట్టిన వాళ్లను, నడుములు కొడవళ్లలా వంగిన వాళ్లను ఆయనా చూశాడు. తల ఊపి, తర్వాతి మాట అడిగాడు.

అంతే. అంతకంటే ఏమీ జరగలేదు.

పొద్దెక్కాక ఆసు ఆపి శ్యామలమ్మ స్నానానికి లేచింది. లేవడానికి గోడ పట్టుకుంది. నడుములో ఎవరో మేకు దించినట్టు అయి, ఒక క్షణం అట్లాగే నిలబడి, తర్వాత నడిచింది. భద్రమ్మ చూసింది. “ఆముదపాకు కాపి కట్టుకోరాదూ” అన్నది. కట్టుకుంటానన్నది శ్యామలమ్మ. ఆ వాడలో ఏ ఇంట్లోనైనా రోజూ వినబడే మాటే అది.

తడక చాటున రవిక విప్పి, ఎడమ దిక్కు లోపల నుంచి ఒక చిన్న సంచి తీసి దండెం మీద పెట్టింది. అరచేయంత గుడ్డసంచి, లోపల తుక్కు నూలు కుక్కి ఉంటుంది. కోత అయి ఇంటికి వచ్చిన కొత్తల్లో రవిక ఒకవైపు పడిపోతుంటే బావి కాడ ఆడవాళ్ల కండ్లు అక్కడికే పోయేవి. ఏమీ అనేవాళ్లు కాదు, చూసేవాళ్లు. అందుకని మగ్గం కింద రాలిన కొసలు ఏరి, ఈ సంచి కుట్టుకుంది. ఆమె ఏరడం దశరథం చూశాడు. ఎందుకని అడగలేదు. ఆ మరునాటి నుంచి తెంపిన కొసలన్నీ, ఎర్రవి, నల్లవి, పసుపువి, మెత్తటివి చూసి కిటికీ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఆమెకు పూలు తెచ్చింది ఎవరూ ఎరగరు కానీ, ఆ గట్టు మాత్రం ఏ రోజూ ఖాళీగా లేదు.

సంచి లేని చోట పక్కటెముకల మీద చర్మం, మగ్గం మీద బిగించిన పడుగులా ఉండేది. శ్యామలమ్మ దాని మీద నీళ్లు పోసుకుంది. కుడి దిక్కు గడ్డను చేత్తో తాకి చూసుకోలేదు. అది ఎక్కడుందో చూసుకోకుండానే తెలుసు.

మధ్యాహ్నం కురుమయ్య వచ్చాడు. గొర్లు కాసుకునే ముసలాయన. చుట్టుపక్కల పుండ్లకు, గడ్డలకు, తేలుకాట్లకు పసరు కడతాడు. పైసలు అడగడు. నెత్తికి గొంగడి, చేతిలో మోదుగాకు పొట్లం. వాకిట్లో చతికిలబడి పొట్లం పక్కన పెట్టుకున్నాడు. ఎల్లుండి అమావాస్య. ఆలోగా పట్టు వేస్తే గడ్డ నల్లబడి రాలిపోతుందని, చేతికి ఏమీ కాదని ఆయన మాట. భద్రమ్మది మొదటి నుంచీ అదే మాట. ఒకసారి కోయించుకుంటే ఏం ఒరిగింది, రెండోసారి కోయించుకోవడానికి అని.

“కత్తి తగిలిన పెయికి నా మందు పట్టది బిడ్డా” అన్నాడు కురుమయ్య. “గందుకే జెప్తున్న. ఎడమ దిక్కు పట్నం దొరలది, వాళ్లు జూసుకున్నరు. కుడి దిక్కు నాకిడువుండ్రి.”

“నా పెయి నీకు ఇనాం పొలం లెక్క అవుపడుతాందా తాతా, గెట్టు పెడుతానవు” అన్నది శ్యామలమ్మ.

ముసలాయన నవ్వాడు. భద్రమ్మ కూడా నవ్వింది. శ్యామలమ్మ నవ్వు ముందుగా ఆగిపోయింది.

“ఒక్కటి అడుగుత తాతా. గిసొంటి గడ్డకు ఇంతకుముందు కట్టినవా?”

కురుమయ్య గొంగడి కొస సవరించుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. చెప్పగలిగి ఉంటే ఆ రోజు శ్యామలమ్మకు కొంత నయంగా ఉండేది.

“కట్టిన. కొందరు బతికిండ్రు. కొందరు సచ్చిండ్రు. సచ్చినోళ్లు నా మందుకు సచ్చిండ్రో, రోగానికి సచ్చిండ్రో నాకు దెల్వదు బిడ్డా. బతికినోళ్లు ఎట్ల బతికిండ్రో గది గూడ దెల్వదు.”

పట్నం సారు కూడా ఇదే చెప్పాడు కదా అనుకుంది శ్యామలమ్మ. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పాడు, ఈయన మట్టిలో కూర్చుని చెబుతున్నాడు. పొద్దు గూకినాక చెప్పి పంపుతానన్నది. కురుమయ్య సరేనని, ఆకు వాడిపోకుండా పొట్లం మీద నీళ్లు చల్లుకుని, సాలెవాడ చివర సత్తమ్మ ఇంటి అరుగు మీద నడుము వాల్చడానికి పోయాడు.

దశరథం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ అన్నీ వింటున్నాడు. శ్యామలమ్మ పోయి గుంట అంచు మీద కూర్చుంది. పేక నూలు మోసుకుని ఆయన నాడె ఇటు నుంచి అటు పోతూనే ఉంది.

“నువ్వు జెప్పు” అన్నది.

“నీ ఇష్టం. నువ్వెట్లంటే గట్ల” అన్నాడు దశరథం.

మంచి మాటే. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ చూడు బిడ్డా, ఆ మాట ఆమె మీద బండలా పడింది. తనను ఎవరికి ఇవ్వాలో కన్న బాపు అడగలేదు. కాపురానికి వస్తావా అని ఎవరూ అడగలేదు. ఏ రంగు చీర కావాలో, జొన్నరొట్టె తింటావా గట్క తింటావా అని కూడా ఆ ఇంట్లో ఆమెను అడిగిన జ్ఞాపకం లేదు. మొదటి కోతకు కూడా అడగలేదు, బండి కట్టి ఎక్కించారు. ఇప్పుడు ఒకరు కాదు, అందరూ అడుగుతున్నారు. సారు అడిగాడు, కురుమయ్య అడిగాడు, మొగుడు అడుగుతున్నాడు. చండూరుకు ఇచ్చిన కూతురు కూడా మనిషిని పంపి అమ్మ ఏమన్నదని అడిగింది.

“ఇన్నేండ్లు అడగనోళ్లు ఇయ్యాల్నే ఎందుకు అడుగుతాన్రు?” అన్నది శ్యామలమ్మ. గొంతు పెంచలేదు. “నాకేం దెలుసని? నాకు ఆసు దెలుసు. మేకులు దెలుసు. గిది నాకెట్ల దెలుస్తది?”

దశరథం చేతిలో నాడె ఆగింది. ఆయన పడుగు మీద లేని పురిని వేలితో సవరించాడు. శ్యామలమ్మ లేచి పోయింది. కిటికీ గట్టు మీద ఆ రోజు కొసలు ఉన్నాయి. వాటిని తీసుకోకుండా పోయింది.

మళ్లీ ఆసు ముందు కూర్చుంది. చేయడానికి అదొక్కటే ఉంది. చెయ్యి పోయి వస్తుంటే మనసు ఒక్కో మేకు దగ్గర ఆగింది. కోయించుకుంటే చెయ్యి పోతుంది. చెయ్యి పోతే ఆసు పోసేది ఎవరు, మగ్గం ఎక్కేది ఏమిటి? కరెంటు పెట్టించుకుంటే చెయ్యి ఉంటుంది, తాను ఎంతకాలం ఉంటుందో తెలియదు. పసరు పెడితే పట్నం తలుపు మూసుకుంటుంది. బతకాలని ఉంది ఆమెకు. అది ఎవరికీ చెప్పలేదు, సిగ్గనిపించింది. నలభై ఏళ్లు దాటిన మనిషి, బిడ్డ పెండ్లి చేసిన మనిషి, ఇంకా బతకాలని ఉందని ఎట్లా అంటుంది?

పొద్దు వాలింది. సగం నూలు మేకులకు ఎక్కింది, సగం మిగిలింది. నడుము ఇక నిలవలేదు. చెయ్యి తానుగా ఆగిపోయింది.

భద్రమ్మ ఆముదపాకులు నిప్పుల మీద వెచ్చగా కాపి తెచ్చింది. అది వాళ్ల రోజువారీ పని. సాయంత్రం ఇద్దరూ నడుములకు ఆకు కట్టుకుని, వాకిట్లో ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి కూర్చునేవాళ్లు. ఒకరి వేడి ఒకరికి తగిలేది. మొహాలు కనబడవు కాబట్టి ఏ మాటైనా అనుకునేవాళ్లు. మొగవాళ్లకు మగ్గం గుంట ఉన్నట్టు, వాళ్లకు ఆ వీపులు ఉండేవి.

“నీది యాడ నొస్తాంది?” అన్నది భద్రమ్మ.

“నడుమ ఎముక కాడ. రాత్రి పక్క మీద తిరుగుతలేను.”

“నాది ఇరవై ఏండ్ల సంది తిరుగుతలేదు. ఈ నీళ్లు తాగి తిరిగినోళ్లెవ్వలే.”

ఎవరి ఇంట్లోనో జొన్నలు దంచుతున్న చప్పుడు వస్తోంది.

“వదినె. నా జాగల నువ్వుంటే ఏం జేస్తవు? పసరు అనకు. నిజం జెప్పు.”

భద్రమ్మ వీపు బిగుసుకోవడం శ్యామలమ్మకు తెలిసింది. ఆ తర్వాత మెల్లగా వదులైంది.

“పోత” అన్నది భద్రమ్మ. “పోయి కోయించుకుంట. చెయ్యి పోతె పోనీ తియ్యి. ఆసు నేను పోస్త.”

“నీ చేతులు వణుకుతయి గద.”

“వణుకుకుంటనే పోస్త. పువ్వులు జర వంకరొస్తయి, కట్టుకునేటోళ్లు కట్టుకుంటరు. నువ్వు గా గడప మీద కూసోని నన్ను తిట్టు. గంతే. ఉండు సాలు.”

శ్యామలమ్మ తల వెనక్కి వాల్చి ఆడబిడ్డ భుజం మీద ఆనించింది. ముప్పై ఏళ్లలో ఆమె అట్లా ఎప్పుడూ చేయలేదు. అప్పటికి తేలిపోయింది. సత్తమ్మ అరుగు మీదికి కబురు పోయింది. కురుమయ్య నొచ్చుకోలేదట. మంచిది, మేలు కావాలె అని, పొట్లం సంకన పెట్టుకుని పోయాడట. ఆసు మీద నూలు సగంలో వదలడం ఆ ఇంట్లో అలవాటు లేదు. ఆ రోజు మాత్రం భద్రమ్మ దాని మీద గుడ్డ కప్పి, నేను చూసుకుంటానన్నది.

తెల్లవారి బండి మీద మర్రిగూడ పోయారు. బస్సు వచ్చింది. శ్యామలమ్మ ఉతికిన చీర కట్టుకుంది, రవికలో సంచి సర్దుకుంది, కుడిచేతి గాజులు నిండుగా ఉన్నాయి. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, కాలు ఎత్తి మెట్టు మీద మోపి, ఒళ్లు లేపింది. పక్కనున్న దశరథానికి ఎండిన జొన్నకట్టె విరిగినట్టు చప్పుడు వినబడింది. శ్యామలమ్మ అరవలేదు. ఉన్నచోటే కూలబడి, తన కాళ్ల వంక, అవి వేరేవాళ్లవైనట్టు చూసింది.

చుట్టూ చేరినవాళ్లు నీళ్లు తిన్న ఎముక అన్నారు. అయ్యో అన్నారు. బస్సు ఎంతసేపు ఆగుతుంది, పోయింది. అదే బండి మీద ఆమెను వెనక్కి తెచ్చి పడుకోబెట్టారు. నడుము కింద ఏమీ తెలియదన్నది. నొప్పి మాత్రం నడుములో తెలుస్తూనే ఉంది.

దశరథం ఒక్కడే పట్నం పోయి సారుకు చెప్పాడు. సారు అంతా విన్నాడట. రోగం ఎముకలోకి పోయి చాలా దినాలైందన్నాడు. నేను అడిగాను కదా అన్నాడు, అంటూనే ఆగిపోయాడు. అడిగిందీ నిజమే, నవ్విందీ నిజమే, ఆయన తల ఊపిందీ నిజమే. ఇక కోత లేదు, కరెంటు లేదు. నొప్పికి గోలీలు ఇచ్చి పంపాడు. ఇన్నాళ్లూ ఆమె ఏది ఎంచుకోవాలా అని నలిగిపోయిన దారులన్నీ ఎప్పుడో మూసుకుపోయి ఉన్నాయి. మూసిన తలుపుల ముందు నిలబెట్టి, ఏది కావాలని ఆమెను అడిగారు అందరూ.

“ఏమన్నడు?” అన్నది శ్యామలమ్మ.

“జర తగ్గినంక రమ్మన్నడు” అన్నాడు దశరథం.

ఆమె ఆయన మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆ మొహం చూసిన ఎవరికీ ఆయనను అడగనక్కరలేకపోయింది.

కురుమయ్య కూడా వచ్చి చూశాడు. ఆ రోజు ఆయన చేతిలో పొట్లం లేదు. తలాపున కూర్చుని, గొర్ల ముచ్చట్లు చెప్పి పోయాడు.

భద్రమ్మ మాట తప్పలేదు. ఆసు తెచ్చి మరదలి మంచం పక్కనే వేసుకుని, మిగిలిన సగం నూలు పోయడం మొదలుపెట్టింది. గాజులు లేని చెయ్యి, చప్పుడు లేని ఆసు. మేకుకు వేలు తగిలినప్పుడు టక్కుమనేది, అంతే. శ్యామలమ్మ కండ్లు మూసుకుని ఆ టక్కు టక్కు వింటూ ఉండేది. జొన్నకోతలు అయిపోవచ్చిన ఒక మధ్యాహ్నం, కండ్లు తెరవకుండానే అన్నది.

“వదినె, మేకు తప్పినవ్.”

“తప్పలే. కండ్లు మూసుకోని పండినదానివి, నీకెట్ల దెల్సు?”

శ్యామలమ్మ పెదవులు కొంచెం కదిలాయి, నవ్వినట్టు. భద్రమ్మ సణుక్కుంటూ వేలితో వెనక్కి పోయి చూసుకుంది. తప్పింది నిజమే. నూలు విప్పి, తప్పిన మేకుకు వేసి, మళ్లీ వరుసకు వచ్చి, నువ్వన్నదే నిజం తియ్యి అని ఇటు తిరిగింది. వినే మనిషి లేదు.

ముత్తైదువగా పోయింది కాబట్టి పసుపు కుంకుమలతో, రెండు చేతులకూ గాజులతో సాగనంపాలి. గాజులు అమ్మే ఆమె ఎంత సబ్బు రాసినా ఎడమచేతికి ఒక్క గాజూ ఎక్కలేదు. ఆడవాళ్లు ఏం చేయాలో తెలియక నిలబడితే, భద్రమ్మ ఎర్రనూలు తెచ్చి, ఆ ఉబ్బిన మణికట్టు చుట్టూ తిప్పింది. గాజులు ఎన్ని ఉండాలో అన్ని వరుసలు, వణికే చేతులతో, ఒక్కటి కూడా తప్పకుండా.

ఇదీ బిడ్డా శ్యామలమ్మ ముచ్చట. గుర్తుపెట్టుకో. నా తర్వాత నువ్వు చెప్పాలి, ఆ నీళ్లు తాగిన ఊళ్లలో మరీ చెప్పాలి. ఎవరైనా ఆడమనిషి గోడ పట్టుకుని లేస్తూ నడుము నొప్పి అంటే, అందరికీ ఉన్నదే అని నవ్వవద్దని చెప్పు. ఆమె పేరు చెప్పి చెప్పు.

ఆఖరి నీళ్లు పోసేటప్పుడు రవికలో నుంచి తీసిన ఆ నూలు సంచిని కాల్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. దశరథం దాన్ని తెచ్చి ఆసు ఒంటి మేకుకు తగిలించాడు, అది ఇప్పటికీ అక్కడే ఉంది, పక్కటెముకలకు ఆనిన వైపు పలచగా నొక్కుకుపోయి, కుట్ల సందుల్లో నుంచి ఒక ఎర్ర కొస, ఒక పసుపు కొస బయటికి చూస్తూ.